గిర్సు తవ్వకాలు: శాసనాలూ, పద్దులూ

మానవజాతి కట్టుకున్న తొలి నగరాలను గురించి మన పాఠ్యగ్రంథాలు సామాన్యంగా రెండు సంగతులు చెపుతాయి. ఏ రాజు ఏ దేవాలయం కట్టించాడన్నది మొదటిది. ఏ దొర వచ్చి దానిని తవ్వి తీశాడన్నది రెండవది. ఇటుకలు మోసిన వాళ్ళెవరు, తట్టలతో మట్టి యెత్తిన వాళ్ళెవరు అన్న ప్రశ్న ఆ పుస్తకాలలో రాదు. అందుకనే పరీక్షలోనూ రాదు. పరీక్షలో రాని ప్రశ్నలను అడగడం ఇటువంటి పత్రికల బాధ్యత అని నేననుకుంటాను. దక్షిణ ఇరాక్‌లో తెల్లో అనే మట్టిదిబ్బ వుంది. ఆ ప్రశ్నకు సమాధానం అందులో దొరికినంత స్పష్టంగా మరెక్కడా దొరకదనడం అతిశయోక్తి కాదు. ఆ దిబ్బ తవ్వకాల చరిత్ర చెప్పి, దాని ద్వారా ఒక్క విషయం మీదికి పాఠకుల దృష్టి మళ్ళించాలని నా ఉద్దేశం. రాజు చెక్కించిన శాసనాన్నీ, గుమాస్తా వ్రాసిన పద్దునూ పక్కపక్కన పెట్టి చదవకపోతే చరిత్ర మనకు అబద్ధం చెపుతుంది. అది మనకు నచ్చే అబద్ధం కూడా కావచ్చు. అటువంటప్పుడు ప్రమాదం మరింత హెచ్చు.

తెల్లో అన్నది అరబ్బులు పెట్టుకున్న పేరు. టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల మధ్య, షత్రా పట్టణానికి సమీపంలో వున్న ఈ దిబ్బ కింద సుమేరియన్ల గిర్సు నగరం వుంది. గిర్సు, లగష్, నినా అనే మూడు పట్టణాలు కలిసి లగష్ రాజ్యమయ్యాయి. రాజ్యానికి అధిదేవత నింగిర్సు. ఆయన కొలువు గిర్సులో. చాలాకాలం పండితులు తెల్లోనే లగష్ అనుకున్నారు. అసలు లగష్ పొరుగునే వున్న అల్‌హిబా దిబ్బ అని 1953లో జాకబ్‌సన్, ఫువాద్ సఫర్ అనే పరిశోధకులు తేల్చారు. కాబట్టి పాత పుస్తకాలలో లగష్ తవ్వకాలని కనబడితే అవి గిర్సు తవ్వకాలేనని గ్రహించాలి.

ఇక్కడ మొదట తవ్వినవాడు పురాతత్వ పండితుడు కాడు, దౌత్య ఉద్యోగి. 1877లో బస్రా రేవుకు ఫ్రెంచి వైస్ కాన్సల్‌గా వచ్చిన ఎర్నెస్ట్ ద సర్జెక్ ఆ యేడే తెల్లోలో పలుగు వేయించాడు. దౌత్య ఉద్యోగి దిబ్బలు తవ్వడం ఆనాడు వింత కాదు. 1843లో మోసుల్ నగరంలోని ఫ్రెంచి కాన్సల్ బొట్టా ఖోర్సాబాద్ తవ్వాడు. 1845లో ఇంగ్లీషువాడు లేయర్డ్ నిమ్రూద్ తవ్వాడు. మార్కెట్లకూ రేవులకూ పోటీపడుతున్న సామ్రాజ్యాలు ప్రాచీన శిల్పాల కోసం కూడా పోటీపడ్డాయి. ప్యారిస్, లండన్ మ్యూజియంలు ఆ పోటీకి ప్రదర్శనశాలలు. సర్జెక్ తెచ్చిన వస్తువులను 1881లో లూవ్ర్ మ్యూజియం కొన్నది. ఆ యేడే ప్రాచ్య పురావస్తువుల శాఖ ఒకటి అక్కడ వెలిసింది. లియోన్ హ్యూజే దానికి అధిపతి.

ఈ తవ్వకాల వల్ల శాస్త్రానికి కలిగిన మేలును తక్కువచేసి మాట్లాడటం న్యాయం కాదు. సుమేరియన్ అనే భాషకు ఆ పేరు పెట్టినది జూల్ ఒప్పెర్, 1869లో. అసలు అటువంటి భాషే లేదనీ, అది బాబిలోనియా పురోహితులు కల్పించుకున్న రహస్య లిపి మాత్రమేననీ జోసెఫ్ హలెవీ వాదించాడు. తెల్లోలో గుదెయ పాలకుని నల్లరాతి విగ్రహాలు, వాటిమీద బారులు తీరిన సుమేరియన్ శాసనాలు బయటపడ్డాక ఆ వాదానికి నిలువనీడ లేకుండా పోయింది. సెమిటిక్ జాతుల ప్రాబల్యానికి ముందే ఒక ప్రజ స్వంత భాషతో, స్వంత లిపితో నగరాలు కట్టుకున్నదని లోకానికి రుజువు చేసినది ఈ దిబ్బే.

కాని తవ్విన పద్ధతి చూడండి. సర్జెక్‌కు కావలసినది రాయి. దక్షిణ ఇరాక్‌లో రాయి పుట్టదు. ఇళ్ళు, గుళ్ళు, కోటలు అన్నీ పచ్చి ఇటుకతో కట్టినవే. వేల యేళ్ళు నేలలో వున్న పచ్చి ఇటుక గోడకూ, చుట్టూ వున్న మట్టికీ తేడా పట్టడానికి చేయి తిరిగిన నేర్పు కావాలి. ఆ నేర్పును బాబిలోన్‌లో, అషూర్‌లో జర్మన్ తవ్వకందార్లు పద్ధతిగా అలవరచుకునే సరికి పంతొమ్మిదవ శతాబ్దం ముగిసింది. ఈలోగా తెల్లోలో కందకాలు గోడలను కోసుకుంటూ పోయాయి. గ్రీకుల ప్రాబల్యకాలంలో అదద్‌నదినఖె అనే స్థానిక ప్రభువు గుదెయ విగ్రహాలను యేరి తన భవనంలో పెట్టుకున్నాడు. సర్జెక్‌కు మొదట దొరికినది ఆ భవనమే. రెండు వేల సంవత్సరాల యెడం వున్న రెండు కాలాలు ఒకే తవ్వకంలో కలగాపులగమయ్యాయి.

తవ్వినది సర్జెక్ అని వ్రాస్తాం, కాని పలుగు పట్టినది ఆయన కాదు. ఆ ప్రాంతాన్ని ముంతఫిక్ అంటారు. 1858 నాటి ఉస్మానీ భూమి చట్టాన్ని బాగ్దాదు గవర్నరు మిద్‌హత్ పాషా 1869 తర్వాత అక్కడ అమలుపెట్టాడు. తెగలన్నీ ఉమ్మడిగా సాగుచేసుకుంటున్న నేలలకు పట్టాలు పుట్టాయి. పట్టాలు సాదూన్ వంశపు షేకుల పేర పడ్డాయి. నిన్నటి తెగ సభ్యుడు నేడు కౌలుదారయ్యాడు. ఇటువంటి నేల మీద సర్జెక్ కూలీలను పెట్టుకున్నాడు. తవ్వకాల ఫలితాలను వివరించే ఫ్రెంచి గ్రంథం 1884 నుంచి 1912 వరకు భాగాలుగా వెలువడింది. దాని ముఖపత్రం మీద వున్నవి సర్జెక్, హ్యూజే వంటి పండితుల పేర్లే.

1884లో ఉస్మానీ ప్రభుత్వం పురావస్తువులన్నీ రాజ్యానివేననీ, దేశం దాటించరాదనీ చట్టం చేసింది. చిత్రకారుడూ, ఇస్తాంబుల్ మ్యూజియం అధిపతీ అయిన ఉస్మాన్ హమ్దీ బే దానికి పట్టుకొమ్మ. తెల్లోలో దొరికినవాటిలో పెద్ద భాగం ఇస్తాంబుల్ చేరడానికి కారణం ఆ చట్టమే. కాని చట్టం ఒకటైతే జరిగింది మరొకటి. 1894లో దిబ్బలో ఒకచోట పద్దుల పలకల గది బయటపడింది. అందులో వున్నవి ముప్పై వేలకు పైమాటే. సర్జెక్ లేని సమయంలో చుట్టుపక్కల జనం వాటిని తవ్వి వర్తకులకు అమ్మారు. వర్తకులు ఐరోపాకు, అమెరికాకు అమ్మారు. మ్యూజియంలు కొన్నాయి. ఈ సంగతిని పాశ్చాత్య గ్రంథాలు దొంగల కథగా చెపుతాయి. దొంగకు దక్కినది కొద్ది నాణేలు, కొన్నవాడికి దక్కినది మ్యూజియం. కొనేవాడు లేకుంటే ఈ దొంగతనమే లేదు. తన తాతలు దున్నిన నేలలో కౌలుదారుగా మిగిలినవాడు ఆ నేలలోని మట్టి పలక అమ్ముకుంటే, నేరమంతా అతని నెత్తిన రుద్దడం చరిత్ర అనిపించుకోదు.

ఐతే నష్టం నష్టమే. యే గదిలో, యే బుట్టలో, యే పలక పక్కన యే పలక వుందో ఆ సమాచారం యిక తిరిగిరాదు.

సర్జెక్ 1901లో మరణించాడు. 1903 నుంచి 1909 వరకు గస్తోన్ క్రో అనే సైనికాధికారి తవ్వకం సాగించాడు. 1915లో ఫ్రాన్స్ యుద్ధరంగంలో అతడు చనిపోయాడు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత, 1924లో, మళ్ళీ దొంగ తవ్వకాలు జరిగాయి. మరికొన్ని గుదెయ విగ్రహాలు బజారుకెక్కాయి. 1929 నుంచి జెనుయాక్, 1931 నుంచి ఆంద్రే పారో పని చేశారు. 1933తో, ఇరవై విడతల తర్వాత, ఫ్రెంచివారు తెల్లో వదిలారు. ఇరాక్ 1932లో స్వతంత్ర రాజ్యమైంది. 1936లో కొత్త పురావస్తు చట్టం వచ్చింది. దొరికినదాన్ని తవ్వినవాడితో పంచుకునే పాత యేర్పాటు బిగిసింది. విదేశీయుల ఉత్సాహమూ ఆ సంవత్సరాలలోనే సన్నగిల్లడం గమనించదగిన విషయం.

ఇంతవరకు తవ్వకాల కథ. ఇక దొరికినదాని కథ.

విగ్రహాలు ప్యారిస్‌లో పీఠాలెక్కాయి. అంత గౌరవం దక్కని మట్టి పద్దులు సెయింట్ పీటర్స్‌బర్గ్, బెర్లిన్, లండన్, ప్యారిస్ నగరాలలో పెట్టెలలో పడివున్నాయి. వీటిలో క్రీ.పూ. 2350 ప్రాంతానికి చెందిన సుమారు 1,800 పలకల గుంపు అత్యంత ముఖ్యమైనది. అది గిర్సు పాలకుని భార్య చేతికింద నడిచిన సంస్థ లెక్కల దప్తరం. సుమేరియన్‌లో దాని పేరుకు స్త్రీ గృహం అని అర్థం. పొలాలు, తోటలు, గొర్రెల మందలు, చేపల రేవులు, నేతపని, సారాబట్టీలు అన్నీ అందులో వున్నాయి. వెయ్యిమందికి పైగా మనుషులు దానిమీద బతికారు. లిఖచేవ్ అనే రష్యన్ సేకర్త వద్ద చేరిన భాగాన్ని నికోల్‌స్కీ 1908లోనే ప్రకటించాడు.

ఆ పద్దులలో వున్నదేమిటి? నెలనెలా కొలిచి యిచ్చిన బార్లీ. ఫలానా స్త్రీకి ఇంత, ఆమె బిడ్డకు ఇంత, ఫలానా మేస్త్రీ కింద ఇందరు అని పేరుపేరునా వ్రాసివుంది. పంతొమ్మిదవ శతాబ్దపు ఫ్రెంచి గ్రంథపు ముఖపత్రం మీద కూలీల పేర్లు లేవు. నాలుగువేల మూడువందల యేళ్ళనాటి గుమాస్తా మాత్రం దంచే ఆడమనిషి పేరు, వడికే ఆడమనిషి పేరు వ్రాసిపెట్టాడు. దయతో వ్రాయలేదు, లెక్క తప్పకుండా వుండటానికి వ్రాశాడు. ఐనా ఆ లెక్కే ఈనాడు ఆమె వునికికి సాక్ష్యం. తర్వాతి శతాబ్దాలలో, ఊర్ మూడవ రాజవంశం కాలానికి, ఈ కొలతలు స్థిరపడ్డాయి. 1965లో గెల్బ్ అనే పండితుడు వాటిని క్రోడీకరించాడు. మగవాడికి నెలకు 60 సిలల బార్లీ, స్త్రీకి 30, పిల్లలకు వయస్సునుబట్టి 10 నుంచి 25. సిల అంటే దాదాపు మన లీటరు. మగకూలిలో ఆడకూలి సగం అన్న మాట మన పల్లెలలో పుట్టినది కాదన్నమాట. ఆ కాలంలోనే లగష్ ప్రాంతపు నేతశాలలలో, ముఖ్యంగా గుఅబ్బ అనే ఊళ్ళో, వేలాది స్త్రీలు పిల్లలతో సహా పనిచేశారు.

ఇప్పుడు శాసనానికి వద్దాం. స్త్రీ గృహం పద్దులున్న కాలంలోనే గిర్సును యేలినవాడు ఉరుకగిన. ఆయన సంస్కరణల శాసనం మట్టి శంకువుల మీద వ్రాసినది, సర్జెక్ తవ్వకాలలో దొరికింది. పూర్వపు అన్యాయాలను అది యేకరువు పెడుతుంది. పడవల అధికారి పడవలు లాక్కునేవాడు. పశువుల అధికారి గాడిదలను, గొర్రెలను లాక్కునేవాడు. దేవుడి యెద్దులు పాలకుని ఉల్లితోటలు దున్నేవి. సరిహద్దు నుంచి సముద్రం వరకు వసూలుదార్లే వుండేవారు. చచ్చినవాణ్ణి పూడ్చాలన్నా ఏడు కుండల సారా, 420 రొట్టెలు చెల్లించాలి. ఉరుకగిన దీనిని మూడు కుండలకూ, 80 రొట్టెలకూ తగ్గించాడట. అప్పులకింద ఖైదయినవారిని విడిపించాడట. బలవంతుడు విధవనూ, దిక్కులేని బిడ్డనూ పీడించకుండా చూస్తానని నింగిర్సు దేవునితో ఒడంబడిక చేసుకున్నాడట.

అందులో ఒక మాట వుంది: అమర్గి. స్వేచ్ఛ అని అనువదిస్తారు. అక్షరార్థం తల్లి దగ్గరకు తిరిగిపోవడం. అప్పుకింద జీతగాడైన బిడ్డ ఇంటికి చేరడమే ఆ ప్రజల భాషలో స్వేచ్ఛ. ఇంకొక యెరుక కూడా మనకుండాలి. ఈ మాట ఉరుకగినతో పుట్టలేదు. ఆయనకు ముందే యేలిన ఎన్‌మెతెన శాసనంలో అది వుంది.

ఇటువంటి శాసనం దొరికితే అభ్యుదయవాదులు పొంగిపోవడం సహజం. చరిత్రలో తొలి సంస్కర్త అన్నారు, తొలి విప్లవమన్నారు. అన్నవాళ్ళలో మనవాళ్ళూ వున్నారు. నా అభ్యంతరం ఇక్కడ మొదలవుతుంది.

శాసనం చెప్పే ఒక ముఖ్యమైన సంస్కరణ తీసుకోండి. పాలకుని గృహానికి, పొలాలకు నింగిర్సు దేవుణ్ణి యజమానిని చేశాడు. స్త్రీ గృహానికి, దాని పొలాలకు దేవత బౌను యజమానిని చేశాడు. పిల్లల గృహానికి దేవుని కుమారుణ్ణి చేశాడు. చదివితే పాలకవర్గం ఆస్తి వదులుకున్నట్లే వుంది. ఇప్పుడు పద్దులు తెరవండి. ఉరుకగినకు ముందు లుగలంద అనే పాలకుని భార్య బరనమ్‌తర్ర స్త్రీ గృహాన్ని నడిపింది. ఉరుకగిన వచ్చాక పలకల మీద సంస్థ పేరు మారింది: బౌ గృహం. నడిపినదెవరు? ఉరుకగిన భార్య షష. కొలత అదే, మేస్త్రీలు వారే, పనివాళ్ళు ఆ వర్గంవారే. యజమాని పేరు మారింది; బార్లీ కొలిచే చేయి, కొలిపించుకునే చేయి మారలేదు.

శాసనం ఒక్కటే దొరికివుంటే ఈ సంగతి మనకు తెలిసేది కాదు. పద్దులు ఒక్కటే దొరికివుంటే వేరొక పొరపాటు జరిగేది. నిజానికి జరిగింది కూడా. జర్మన్ పాదిరీ, మహా పరిశ్రమశీలి అంటోన్ డైమెల్ ఈ పద్దులన్నీ చదివి, 1931లో తన సిద్ధాంతాన్ని ప్రకటించాడు: సుమేరులో భూమి యావత్తూ దేవాలయానిదేనట, ప్రజలందరూ దేవుని సేవకులేనట. ఒకే సంస్థ దప్తరం చదివితే లోకమంతా ఆ సంస్థగానే కనిపిస్తుంది. రైల్వే గుమాస్తా చిట్టా మాత్రమే మిగిలితే భారతదేశమంతా రైల్వే ఉద్యోగులేనని తేల్చినట్లు. సోవియట్ పండితుడు స్త్రూవె 1930లలో ఈ పనివాళ్ళను బానిసలుగా వర్ణించి, సుమేరు సమాజాన్ని బానిస యజమానుల వ్యవస్థగా నిర్ధారించాడు. 1959లో వెలువడిన తన గ్రంథంలో దియాకొనోవ్ భూమి లెక్కలు మళ్ళీ వేశాడు. దేవాలయపు భూమి రాజ్యంలో ఒక భాగం మాత్రమేననీ, వెలుపల ఉమ్మడి కుటుంబాల చేతుల్లో, గ్రామసమాజాల చేతుల్లో భూమి వుండేదనీ, దాన్ని కొన్న పత్రాలు అమ్మిన పత్రాలు వున్నాయనీ చూపించాడు. మార్క్సిస్టుగా పరిశోధించడమంటే ముందే తయారైన చట్రంలోకి సాక్ష్యాన్ని దూర్చడం కాదనడానికి దియాకొనోవ్ స్ట్రూవెను సవరించిన తీరు మంచి ఉదాహరణ అని నా అభిప్రాయం.

ఐతే ఉరుకగిన శాసనం ఉత్త బూటకమేనా? అలా అనడం కూడా తొందరపాటే. ఏ పాలకుడూ ప్రజలెరుగని అన్యాయాల జాబితా వ్రాయించడు. పూడ్చుడు పన్నుకు రొట్టెలెన్నో, సారా కుండలెన్నో అంత కచ్చితంగా లెక్కచెప్పాడంటే ఆ లెక్క ఊరందరి నోట వున్నదన్నమాట. ఆ శాసనంలో వినిపించే గొంతు రాజుదే, కాని దానిచేత ఆ మాటలు పలికించినది జనం గొణుగుడు. సంస్కరణను రాజు దయగా కాక, జనం ఒత్తిడికి గుర్తుగా చదివితే అది మనకు నిజంగా విలువైన పత్రమవుతుంది. ఉరుకగిన పాలన కొద్దికాలానికే ముగిసింది. ఉమ్మా పాలకుడు లుగల్‌జగెసి దండెత్తి గిర్సు గుళ్ళను కొల్లగొట్టాడు. పాలు పొరుగు నగరాల మధ్య కాలువల కోసం, పొలాల కోసం తరాలనుంచి సాగిన యుద్ధానికి అది పర్యవసానం. ఎఅన్నతుం చెక్కించిన, లూవ్ర్‌లో వున్న రాబందుల శిల కూడా ఆ యుద్ధంలోదే.

గుదెయ విషయంలోనూ ఇదే పాఠం వర్తిస్తుంది. దాదాపు రెండు శతాబ్దాల తర్వాత నింగిర్సు గుడి కట్టించిన గుదెయ తన శాసనంలో, ఆ ఉత్సవం జరిగిన ఏడు రోజులూ దాసి యజమానురాలితో సమానంగా, దాసుడు యజమానితో సమానంగా నడిచారని చెప్పుకున్నాడు. మిగిలిన సంవత్సరమంతా యెలా నడిచారో ఆయన వ్రాయలేదు, పద్దులు వ్రాశాయి. ఆయనే మెలుహ్హ దేశంవారు కలప, యెర్రని అకీకు రాళ్ళు తెచ్చారనీ అన్నాడు. మెలుహ్హ అంటే సింధు నాగరికత ప్రాంతమని పండితులలో అత్యధికుల అభిప్రాయం. తర్వాతి కాలపు పద్దులలో లగష్ ప్రాంతంలో మెలుహ్హ గ్రామం అనే ఊరు కనిపిస్తుంది. సింధు లిపి ఇంకా చదవబడలేదు. అక్కడినుంచి వలసపోయినవారి జాడ ఒకటి గిర్సు ధాన్యపు లెక్కలలో మిగలడం మన దేశ చరిత్ర విద్యార్థులు మరువరాని విషయం.

ఇటీవలి సంగతి చెప్పి ముగిస్తాను. 2003లో అమెరికా సైన్యం ఇరాక్‌ను ఆక్రమించిన తర్వాత బాగ్దాదు మ్యూజియం దోపిడీ అయింది. గిర్సు పాతశత్రువైన ఉమ్మా దిబ్బను వందలాదిమంది గుంటలమయం చేశారు. పన్నెండేళ్ళ ఆంక్షలతో ఆకలికి చిక్కిన ప్రాంతమది. కొనే బజారు మళ్ళీ సముద్రాల అవతలే. 2016 నుంచి బ్రిటిష్ మ్యూజియం, ఇరాక్ పురావస్తు శాఖ కలిసి తెల్లోలో ఇరాకీ ఉద్యోగులకు శిక్షణనిస్తూ తవ్వకాలు సాగించాయి. సర్జెక్ కాలంలో పారబోసిన మట్టికుప్పలను కూడా వెదికారు. నింగిర్సు గుడి గోడలను గుర్తించారు. ఒక రాజభవనాన్ని, 200కు పైగా పద్దు పలకలను కనుగొన్నట్లు 2023లో ప్రకటించారు. పూర్వులు పనికిరావని విసిరేసిన మట్టిలోనే చరిత్ర వుందన్నమాట. ఇరాకీలు తమ నేలను తామే పద్ధతిగా తవ్వుకోవడం, దొరికినది వారి దేశంలోనే నిలవడం సర్జెక్ నాటికంటే నిజమైన ముందడుగు.

చరిత్ర బోధించే మిత్రులకు నా మనవి ఒక్కటే. ఉరుకగిన పేరు నల్లబల్ల మీద వ్రాసిన రోజున దాని పక్కనే షష సంస్థలో బార్లీ కొలిపించుకున్న ఆడకూలీల పద్దు కూడా వ్రాయండి. పాలకులు పేదలకోసం చేశామని చెప్పుకునే ప్రతి సంస్కరణనూ ఆ పద్దుతో సరిచూడటం విద్యార్థికి అలవాటైతే, సుమేరు చరిత్ర చదివిన ప్రయోజనం సుమేరుతోనే ఆగిపోదు.